‘ఇది మీకెలా తెలిసింది?’ అని అడిగేదెవరు

హైదరాబాద్‌లో తెలుగు పుస్తకావిష్కరణ సభ నడిచే తీరు అందరికీ తెలిసిందే. ఆహ్వానపత్రం మీద సాయంత్రం అయిదున్నర అని ఉంటుంది, మొదలయ్యేది ఆరున్నరకు. వేదిక మీద అధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, పుస్తక పరిచయకర్త, ప్రచురణకర్త. అందరికన్నా చివర, మైకుకు దూరంగా ఉన్న కుర్చీలో రచయిత. రంగు కాగితం విప్పి, పుస్తకాన్ని గుండెల దగ్గర పట్టుకుని ఫొటో దిగాక ఒక్కొక్కరూ మాట్లాడతారు. రచయిత వంతు వచ్చేసరికి ఎనిమిది నలభై అవుతుంది. ‘సమయాభావం వల్ల రచయిత క్లుప్తంగా స్పందిస్తారు’ అని అధ్యక్షులు ప్రకటిస్తారు. అతను పెద్దలకు దండం పెట్టి, ఇంట్లోవాళ్ల ఓపికను తలుచుకుని కూర్చుంటాడు. త్యాగరాయ గానసభలో అయినా, సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో అయినా, బొగ్గులకుంట సారస్వత పరిషత్తులో అయినా వరస ఇదే. హిమాయత్‌నగర్ ఉర్దూ హాల్లో జరిగే రస్మె ఇజ్రాకు, అంటే ఉర్దూ పుస్తకావిష్కరణకు, వెళ్లినవాళ్లకు కూడా ఈ వరస కొత్తగా ఏమీ అనిపించదు.

కవిత్వానికి, కథలకు దీనివల్ల వచ్చే నష్టం తక్కువ. కవి తన పద్యం గురించి నోరు విప్పకపోయినా చెప్పాల్సింది పద్యం చెబుతుంది. దెబ్బంతా మరో రకం పుస్తకాల మీద పడుతుంది. ఊరి చరిత్ర, ఒకరి జీవితచరిత్ర, ఒక ఉద్యమం కథ, రైతుల అప్పుల మీద పరిశీలన, ఒక కులవృత్తి ఎలా కనుమరుగైందో చెప్పే రచన ఇలాంటివి. వీటన్నిటికీ కలిపి తెలుగులో వాడుకలో ఉన్న పేరే లేదు. ‘కాల్పనికేతర సాహిత్యం’ అనే మాట యూనివర్సిటీ పేపర్లలో కనిపిస్తుంది గానీ కాచిగూడలో పుస్తకాల షాపుకెళ్లి అలా అడిగేవాళ్లు ఉండరు, నాన్‌ఫిక్షన్ అనే అడుగుతారు. రెండు మాటలూ ఇది ఏమిటో చెప్పవు, ఏది కాదో చెబుతాయి.

నవల రాసినవారిని ‘మీకిది ఎలా తోచింది?’ అని అడగొచ్చు. నాన్‌ఫిక్షన్ రాసినవారిని అడగాల్సింది ‘మీకిది ఎలా తెలిసింది?’ అని. అవతలివాళ్లు దాన్ని అనుమానంగా తీసుకునే ప్రమాదం ఉంది, అందుకే మర్యాదస్తుల సభల్లో ఎవరూ అడగరు. కానీ ఈ రకం పుస్తకం మొత్తం ఆ ప్రశ్నకు రచయిత దగ్గర ఉన్న జవాబు మీదే నిలబడుతుంది.

మూసీ వరదలనే తీసుకుందాం. 1908 సెప్టెంబర్ 28న నది పొంగి నగరాన్ని ముంచేసింది. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారన్న మాట ఆ వరదల గురించి రాసిన దాదాపు ప్రతి రచనలోనూ వస్తుంది. చనిపోయినవారి సంఖ్య దగ్గరకొచ్చేసరికి ఒకచోట 15 వేలు, మరోచోట 50 వేలు అని ఉంటుంది. ఈ అంకెలతో పుస్తకం రాసిన మనిషి ఎదురుగా కూర్చున్నప్పుడు ‘ఆ విషాదం మిమ్మల్ని ఎలా కదిలించింది?’ అని అడిగితే రెండు నిమిషాల భావోద్వేగం దొరుకుతుంది. చెట్టు మీద 150 మంది ఉన్నారని మొదట లెక్కపెట్టింది ఎవరు, అది సర్కారీ నివేదికలో ఉందా, పత్రికలో వచ్చిందా, బతికి దిగినవాళ్లు పిల్లలకు చెప్పుకున్న మాటా, 15 వేలకూ 50 వేలకూ మధ్య మీరు ఒకదాన్ని ఎందుకు ఎంచుకున్నారు అని అడిగితే మాత్రం పుస్తకం ఎలా తయారైందో బయటకొస్తుంది. మంచి రచయితయితే ఆ ప్రశ్న కోసం ఎదురుచూస్తూ ఉంటాడు. ఆ రెండు అంకెల మధ్య అతను ఎన్ని నెలలు కొట్టుకున్నాడో ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు.

హైదరాబాద్ గురించి రాసేవారికి ఈ ప్రశ్న మరీ బరువైంది, కారణం భాష. నిజాం రాజ్యంలో పాలన చాలాకాలం పారశీకంలో, 1880ల నుంచి ఉర్దూలో సాగింది. తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో ఉన్న పాత కాగితాల్లో తెలుగు మాత్రమే చదవగలిగినవారికి అందేది కొంచెమే. అంటే తెలుగులో వచ్చిన నగర చరిత్ర ప్రతిదానికీ వెనక ఒక అనువాదం దాగి ఉంటుంది. ఆ కాగితాన్ని రచయిత తానే చదివాడా, ఉర్దూ వచ్చిన మిత్రుడెవరైనా పక్కన కూర్చుని చదివి వినిపించాడా, లేక ఇంగ్లీషు పుస్తకంలో ఎవరో ఎత్తి రాసిన దాన్నే మళ్లీ ఎత్తి రాశాడా? మూడూ ఒకటి కావు. ముందుమాటలో ‘ఎన్నో అరుదైన పత్రాలను పరిశీలించి’ అనే వాక్యం మూడింటికీ చక్కగా సరిపోతుంది.

దానికితోడు ఫసలీ అనే సంవత్సరాల లెక్క ఉంది. నిజాం కాలం నాటి కాగితాల మీద సంవత్సరం ఫసలీలో ఉంటుంది. దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుందని అందరూ చెబుతారు. అయితే ఫసలీ సంవత్సరం జనవరిలో మొదలవదు. పోలీసు చర్య జరిగిన 1948 సెప్టెంబర్ ఫసలీ 1357లో పడుతుంది. 590 కలిపి చూస్తే 1947 అని వస్తుంది. నెల చూడకుండా కూడికతో సరిపెట్టుకున్నవారు సంఘటనను ఏడాది వెనక్కి నెట్టేసినట్టే. ఒక తేదీని రచయిత ఎలా మార్చుకున్నాడో అడిగితే చాలు, అతని పనితనం ఎంతటిదో అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఇవన్నీ పుస్తకంలోనే ఉండాలి కదా, మాటల్లో అడగడం దేనికి అనిపించవచ్చు. ఉండాలి నిజమే, ఉండవు. తెలుగు నాన్‌ఫిక్షన్‌లో అధస్సూచికలు అరుదు, చివర పదసూచిక ఇంకా అరుదు. బద్ధకం ఒక్కటే కారణం కాదు. పుస్తకం ఖర్చు ఫారాల్లో లెక్కిస్తారు, ఫారానికి 16 పేజీలు. సొంత డబ్బుతో 500 కాపీలు వేసుకునే రచయితకు ప్రెస్సువాళ్లు ‘సార్, ఒక ఫారం తగ్గిస్తే బాగుంటుంది’ అన్నప్పుడు తగ్గేది నాలుగు ముందుమాటలు కాదు, రాసిచ్చిన పెద్దలు నొచ్చుకుంటారు. వెనకున్న ఆధారాల పేజీలే పోతాయి. అవి ఇక రచయిత నోట్‌బుక్కుల్లో, అతని తలలో మాత్రమే మిగులుతాయి. ఆయన ఉన్నన్నాళ్లే అవి ఉంటాయి. రచయితతో జరిగే సంభాషణ తెలుగులో కాలక్షేపం కాకపోవడానికి కారణం ఇదే. పుస్తకంలో పడకుండా పోయిన ఆ ఫారాన్ని తిరిగి రాబట్టే దారి అదొక్కటే.

పాతవాళ్లు ఈ విషయంలో మనకన్నా జాగ్రత్తగా ఉన్నారు. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో ఫలానా కాలంలో జనం ఏం తిన్నారో, ఏం ఆడుకున్నారో చెప్పినప్పుడల్లా అది ఏ కావ్యంలోని ఏ పద్యం నుంచి తీశారో ఆ పక్కనే కనిపిస్తుంది. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా పాఠకుడు అక్కడికక్కడే వాదించవచ్చు. 1955లో తెలుగుకు దక్కిన మొదటి కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు ఆ పుస్తకానిదే. అప్పటికి రచయిత కన్నుమూసి రెండేళ్లయింది. అడగడానికి ఆయన లేకపోయినా జవాబులు పేజీల్లో ఉన్నాయి.

అసలు తెలుగులో ఈ రకం పుస్తకాలను పనిగట్టుకుని వేయడం మొదలైన ఊళ్లలో హైదరాబాద్ ముందు వరసలో ఉంది. సుల్తాన్‌బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లో పుట్టింది. దాని వెనక ఉన్న కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు తదితరులే 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పెట్టి చరిత్ర, విజ్ఞానశాస్త్ర పుస్తకాలకు పూనుకున్నారు. మొదటి పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ జీవితచరిత్ర. కథలు, పద్యాలు కాకుండా విషయం చెప్పే వచనం కావాలని పట్టుబట్టిన ఊరు ఇది. మండలి తర్వాత మద్రాసుకు తరలిపోయిందనుకోండి, అది వేరే సంగతి.

ఇంకా వెనక్కి వెళితే, తెలుగు యాత్రా రచనకు ఆదిగా చెప్పుకునే ‘కాశీయాత్ర చరిత్ర’ పుట్టడానికి ఒక స్నేహితుడే కారణం. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య దారిపొడవునా తాను చూసిందల్లా కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు రాసి పంపుతూ పోయాడు. హైదరాబాద్ నగరమూ ఆ దారిలోనే తగిలింది. ఆ రాతలను శ్రీనివాసపిళ్లె 1838లో అచ్చు వేయించాడు. అవతల వినడానికి ఒక మనిషి ఉన్నాడన్న భరోసా ఆ వచనంలో కనిపిస్తుంది. ఏ సత్రంలో దిగాడో, దారి ఎలా ఉందో, ఊళ్లో ఏం దొరుకుతాయో చెబుతూ పోతాడు. అడిగేవాడు పక్కనే ఉంటే మనం మాట్లాడేది అలాగే కదా.

అమెరికాలో సీ-స్పాన్ అనే టీవీ ఛానెల్ 1989 నుంచి 2004 వరకు ‘బుక్‌నోట్స్’ అనే కార్యక్రమం నడిపింది. నిబంధనలు మొండిగా ఉండేవి. నాన్‌ఫిక్షన్ మాత్రమే. వారానికి ఒక రచయిత, గంటసేపు. ఒకసారి వచ్చినవారు మళ్లీ రాకూడదు. నడిపిన బ్రయాన్ లాంబ్ పుస్తకం చదివి వచ్చి చిన్న చిన్న ప్రశ్నలు అడిగేవాడు. ఎక్కడ కూర్చుని రాస్తారు, ఈ పుస్తకాన్ని ఫలానావారికి ఎందుకు అంకితమిచ్చారు, ఈ ఫొటో ఎక్కడ దొరికింది. వినడానికి బడిపిల్లల ప్రశ్నల్లా ఉంటాయి. వాటికి ముందే తయారుచేసుకున్న జవాబు ఎవరి దగ్గరా ఉండదు. ‘మీ రచనకు ప్రేరణ ఏమిటి?’ అన్నదానికి మాత్రం అందరి దగ్గరా ఒకటి సిద్ధంగా ఉంటుంది, తెలుగువాళ్లయితే అమ్మతోనో అమ్మమ్మతోనో మొదలుపెడతారు. పదిహేనేళ్లలో సుమారు 800 మంది రచయితలు ఆ కుర్చీలో కూర్చున్నారు.

ఇంటర్వ్యూ చేసి పుస్తకం రాసేవారూ ఇంటర్వ్యూ ఇచ్చేవారూ ఒకరే కావడం నాన్‌ఫిక్షన్‌లో ఉన్న ఇంకో తమాషా. అమెరికా మాజీ అధ్యక్షుడు లిండన్ జాన్సన్ జీవితచరిత్ర రాస్తున్న రాబర్ట్ కారో ఎదుటి మనిషితో మాట్లాడేటప్పుడు తన నోట్‌బుక్‌లో ‘ఎస్ యు’ అని రాసుకుంటాడు. నోరు మూసుకో అని తనకు తాను చేసుకునే హెచ్చరిక అది. ఎదుటివాళ్లు కాసేపు ఆగితే మనం నింపేయాలనుకుంటాం, నింపకపోతే వాళ్లే నింపుతారు. జాన్సన్ తమ్ముడు చిన్నప్పటి సంగతులు గొప్పలు కలిపి చెబుతున్నాడని తెలిశాక, కారో అతన్ని వాళ్ల చిన్ననాటి ఇంటికి తీసుకెళ్లి, భోజనాల బల్ల దగ్గర అతను పిల్లవాడిగా కూర్చున్న చోటే కూర్చోబెట్టి, తాను కనబడకుండా వెనక కూర్చున్నాడు. తండ్రీ అన్నా ఆ బల్ల దగ్గర ఎలా పోట్లాడుకునేవారో అప్పుడు బయటకొచ్చింది. ఈ సంగతులన్నీ కారో తన పనితీరు గురించి తానే చెప్పుకున్నందువల్ల మనకు తెలుసు. ఆయన చెప్పకపోతే ఆ పేజీల్లోని కోపం ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించలేం.

మన ఊళ్లో ఇంతకు తీసిపోని పని ఒకటి జరిగింది. హైదరాబాద్‌లోని స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం సభ్యులు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వెతుక్కుంటూ వెళ్లి, వాళ్లు చెప్పింది రికార్డు చేసి, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చారు. మూడేళ్ల తర్వాత ఇంగ్లీషులోనూ వచ్చింది. చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం వంటివారు అందులో తమ మాటల్లోనే వినిపిస్తారు. పోరాట చరిత్రలు అప్పటికే ఉన్నాయి. వాటిలో దళాలు, తేదీలు, తీర్మానాలు ఉంటాయి. ఈ పుస్తకం తేడా ప్రశ్నల్లో ఉంది. పోరాటం ముగిశాక ఇంటికొచ్చిన ఆడమనిషి బతుకేమైందని అడిగినవాళ్లు అంతకుముందు తక్కువ. ఇప్పుడు అడగాల్సింది మరొకటి ఉంది, అది ఆ పుస్తకం చేసినవాళ్లను. టేపులో ఉన్న మాటకూ అచ్చులోకొచ్చిన మాటకూ మధ్య ఏం మారింది, యాసను ఎంతవరకు ఉంచారు, చెప్పిన మనిషి ‘ఇది రాయొద్దు బిడ్డా’ అన్నప్పుడు ఏం చేశారు? ఆ తరం రచయితలతో కూర్చుని ఇవి మాట్లాడితే, కొత్తగా మౌఖిక చరిత్రలు రాస్తున్న కుర్రాళ్లకు ఏ వర్క్‌షాపూ నేర్పనిది దొరుకుతుంది.

దగ్గరి నుంచి చూడటానికి ఒక ఊహాదృశ్యం. ముషీరాబాద్‌లో ఉండే ఒక రిటైర్డ్ ఉద్యోగి తన బస్తీ చరిత్ర రాశాడనుకుందాం. పుస్తకంలో ఒకచోట ‘1927లో బావిని పూడ్చేశారు’ అని ఉంది.

‘‘సార్, బావి పూడ్చింది 1927 అని ఎలా తేలింది?’’

‘‘మా నాయనమ్మ చెప్పింది.’’

‘‘ఆమెకు సంవత్సరం గుర్తుందా?’’

‘‘సంవత్సరం ఎక్కడ గుర్తుంటదండీ. తన పెండ్లయిన ఏడు అన్నది.’’

‘‘పెండ్లి ఎప్పుడైందో?’’

‘‘లగ్నపత్రిక పెట్టెల ఉన్నది. ప్రభవ నామ సంవత్సరం అని రాసుంది. ప్రభవ అరవై ఏండ్లకోసారి వస్తది కదా, 1987 కాదు గనక 1927. అయితే ఉగాది నుంచి ఉగాది వరకు అనుకుంటే 28 మొదట్ల కూడా కావచ్చు. అది నేను రాయలె.’’

ఇక్కడ ఆయన చెప్పిన ఆఖరి రెండు వాక్యాల కోసమే ఈ సంభాషణంతా. బావి ఒక ఏడాది అటూ ఇటూ అయితే మునిగిపోయేదేమీ లేదు. కానీ ఊరి చరిత్ర రాయబోయే ఇంకొకరికి ఒక పద్ధతి చేతికొచ్చింది. పెద్దవాళ్లను సంవత్సరం అడగకూడదు, దాని పక్కన ఇంకేం జరిగిందో అడగాలి. మూసీ వచ్చిన ఏడు, గత్తరొచ్చిన ఏడు, రజాకార్ల టైము, తమ్ముడు పుట్టిన ఏడు అంటూ వాళ్ల క్యాలెండర్ వాళ్లకుంటుంది.

ఇలాంటి మాటకు నగరంలో చోటు లేకపోలేదు. 2010లో మొదలైన హైదరాబాద్ లిటరరీ ఫెస్టివల్లో రెండు కుర్చీలు, ఒక సంధానకర్త, చివర్లో ప్రశ్నలు. అదే ఏడాది బంజారాహిల్స్‌లో తలుపులు తెరిచిన లామకాన్ అనే సాంస్కృతిక వేదికలో చాయ్ గ్లాసు పట్టుకుని రచయితతో వాదించవచ్చు. పద్ధతి మెరుగే. అలాగని దానికీ జబ్బులు లేకపోలేదు. ముప్పావుగంటలో పుస్తకాన్ని పదినిమిషాల్లో తేల్చేసి మిగతాదంతా దేశం ఎటు పోతోందన్న చర్చలోకి జారిపోతారు. రచయిత ఏడేళ్లు తవ్వి తెచ్చినది పక్కనపెట్టి, నిన్నటి వార్త మీద అతని అభిప్రాయం అడుగుతారు. అభిప్రాయాలు ఎవరి దగ్గరైనా దొరుకుతాయి. యూట్యూబ్ ఇంటర్వ్యూల్లో టైముకు కొరత లేదు, గంటలు గంటలు సాగుతాయి. అక్కడ లోటు వేరే, అడిగేవారు పుస్తకం తెరిచి ఉండరు. వెనక అట్ట మీది నాలుగు వాక్యాలే ప్రశ్నలుగా మారి వస్తుంటాయి, రచయిత పసిగట్టినా నవ్వి ఊరుకుంటాడు.

డబ్బు సంగతి ఎవరూ అడగరు. తెలుగు మర్యాద ప్రకారం అది అనకూడని మాట. కానీ నాన్‌ఫిక్షన్‌లో డబ్బు కూడా అసలు విషయంలో ఒక భాగమే. తెలుగులో ఈ రచనలు చేసేవాళ్లలో జర్నలిస్టులు, లెక్చరర్లు, లాయర్లు, డాక్టర్లు, రిటైరైన ఉద్యోగులు ఎక్కువ. పుస్తకం మీద బతికేవాళ్లు దాదాపు లేరు. ప్రయాణాలకు, జిరాక్సులకు, ఫొటోలకు జేబులోంచే పోతుంది. షాపువాళ్ల కమీషన్ పోగా వచ్చేది మళ్లీ తర్వాతి పుస్తకం ప్రెస్సు బిల్లుకు. కొన్ని కట్టలు మంచం కిందే ఉంటాయి. అందుకే ఒక పుస్తకం ఒక జిల్లా దాటి ఎందుకు వెళ్లలేదో, ఢిల్లీ ఆర్కైవ్స్ ఎందుకు చూడలేదో అడిగితే నిజమైన జవాబు చాలాసార్లు రైలు టికెట్టు దగ్గర తేలుతుంది. ఇంకో రకమూ ఉంది. కుటుంబసభ్యులు ఖర్చు పెట్టుకుని రాయించే జీవితచరిత్రలు. వాటిలో తప్పేమీ లేదు. కానీ రాతప్రతి ముందుగా ఎవరు చదివారు, ఏ అధ్యాయం తీసేయమన్నారు అన్నది పాఠకుడికి తెలియాలి. ఆ ప్రశ్న అడగని ముఖాముఖి అదే పుస్తకానికి ఇంకో ముందుమాట అవుతుంది, అంతే.

అన్నిటికన్నా పదునైన ప్రశ్నలు సభల్లో కాదు, ఫోన్లో వస్తాయి. తెలుగు పుస్తకం మొదటి పేజీలు తిప్పితే ‘ప్రతులకు’ అన్న మాట కింద నవోదయ, నవచేతన వంటి షాపుల చిరునామాల పక్కన చాలాసార్లు రచయిత సొంత సెల్ నంబరే ఉంటుంది. కాపీలు అమ్ముకోవడానికి వేసిన నంబరు అది. దానికి వచ్చే ఫోన్లు మాత్రం వేరేగా ఉంటాయి. పొద్దున ఏడింటికి ఏ నల్గొండ నుంచో, పరకాల నుంచో ఒక గొంతు. పుస్తకం ఎవరిదగ్గరో తీసుకుని చదివారట. నూటపన్నెండో పేజీలో రాసిన మనిషి తమ తాతేనట. జైలుకు పోయింది నిజమే గానీ మీరు రాసిన జైలు కాదు, కాగితం ఉంది, వాట్సాప్‌లో పంపమంటారా అని. రచయిత ఒక చేత్తో ఫోను పట్టుకుని రెండో చేత్తో టీవీ మీద పెట్టిన సొంత కాపీ అందుకుంటాడు. దాని అంచుల నిండా ఇలాంటివే పెన్సిల్ రాతలు. రెండో ముద్రణ వస్తుందో రాదో తెలియకుండానే ఇంకోటి చేరుస్తాడు, ‘‘అమ్మా, తాతగారి ఇంటిపేరు మళ్లీ ఒకసారి చెప్పండి’’ అంటూ.